చిప్స్ లెక్క ఎక్కడ తప్పుతోంది? ఇంటి ముందు రాయి పరిచేవాళ్లకు సమస్య - పరిష్కారం

విశాఖపట్నం మధురవాడలో మా అక్కావాళ్లు ఇల్లు కట్టుకున్నాక, గేటు నుంచి మెట్ల దాకా ఉన్న 30 గజాల చోట సిమెంటు వేయించకుండా చిప్స్, అంటే క్రషర్ కంకర, పరుద్దామనుకున్నారు. వాన నీళ్లు మన నేలలోకే దిగాలని బావగారి పట్టుదల. 2 అంగుళాల మందం చాలనుకుని 45 ఘనపుటడుగుల 20 ఎంఎం రాయి తెప్పించారు. సాయంత్రానికి అక్క ఫోను: "ఒరేయ్, మెట్ల దాకా రాకుండానే రాయి అయిపోయిందిరా. లెక్క నువ్వే కదా చూశావు!"

గుణకారం సరిగ్గానే ఉంది. తప్పు వేరే చోట ఉంది. ఆ తర్వాత తెలిసినవాళ్ల ఇళ్లలో ఇలాంటి పనులు ఇంకొన్ని దగ్గరుండి చూశాను. అన్నిచోట్లా ఎదురైనవి ఇంచుమించు ఇవే సమస్యలు.

ముందు ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి. మనం స్థలాన్ని గజాల్లో చెప్పుకుంటాం, మందాన్ని అంగుళాల్లో, రాయిని ఘనపుటడుగుల్లో, అంటే సీఎఫ్‌టీలో. గజం అంటే 9 చదరపు అడుగులు. దాని మీద ఒక అంగుళం మందం పోస్తే ముప్పావు ఘనపుటడుగు పడుతుంది. కాబట్టి గజాలను అంగుళాలతో గుణించి, వచ్చినదాన్ని 0.75తో గుణిస్తే సీఎఫ్‌టీ వచ్చేస్తుంది. 30 గజాలు, 2 అంగుళాలు అయితే 45.

రాయి మధ్యలోనే అయిపోయింది

దీనికి కారణం నూటికి తొంభై పాళ్లు మందమే. కాగితం మీద 2 అంగుళాలు అనుకుంటాం, నేల మాత్రం ఆ మాట వినదు. అక్కావాళ్లింట్లో తవ్వినవాళ్లు గేటు దగ్గర పైపైన గీశారు, గోడవైపు లోతుగా తీశారు. రాయి ముందు పల్లాన్ని నింపి, ఆ తర్వాతే పైకి వస్తుంది.

మర్నాడు మేస్త్రీ గారు వచ్చి రెండు చివర్లా మేకులు కొట్టి, పూర్తయ్యాక రాయి ఎక్కడిదాకా రావాలో ఆ మట్టానికి నూలు కట్టారు. రాయి పడని చోట్ల నేరుగా, పడిన చోట్ల కాస్త పక్కకు లాగి, నూలు నుంచి నేలదాకా తొమ్మిది చోట్ల టేపు పెట్టి కొలిచాం. 2, 2½, 3, 2, 3½, 3, 2½, 4, 3. సగటు 2.8 అంగుళాల పైమాటే. అంటే కావలసింది దాదాపు 64 సీఎఫ్‌టీ, తెప్పించింది 45. 30 గజాల చోట ఒక్క అంగుళం తేడా వస్తే 22 సీఎఫ్‌టీ పైన తేడా పడుతుందని అప్పుడు కళ్లారా చూశాం.

కాబట్టి తవ్వకం పూర్తయ్యాకే రాయి చెప్పండి. నూలు కట్టి, తక్కువలో తక్కువ తొమ్మిది చోట్ల కొలిచి, సగటుతో లెక్కేసి, దాని మీద పదోవంతు కలపండి. తవ్వకముందే ఆర్డరు పెట్టి, ఆ రాయి కోసం తవ్వకాన్ని సర్దుకోవడం తలకిందుల పద్ధతి. అయినా చాలామంది చేసేది అదే.

రాయి సైజుకూ మందానికీ సంబంధం ఉంది. పరిచే మందం రాయి సైజుకు కనీసం రెట్టింపైనా ఉండాలి. 20 ఎంఎం రాయిని ఒక్క అంగుళం మందానే పోస్తే మధ్యమధ్యలో మట్టి కనిపిస్తుంది. అప్పుడు కూడా జనం రాయి చాల్లేదనే అంటారు. అసలు తప్పు సైజు ఎంచుకోవడంలో ఉంది. పలచగా కావాలంటే బేబీ చిప్స్ అనే చిన్న సైజు రాయి వాడండి.

అడుగున 40 ఎంఎం మెటల్ (పెద్ద కంకర), డస్ట్ (క్రషర్ రాతిపొడి) కలిపి రోలర్ తిప్పించేవాళ్లకు ఇంకో మాట. వదులుగా 4 అంగుళాలు పోస్తే, అణిగాక 3కు దగ్గరగా వస్తుంది. కావలసిన మందానికి మూడోవంతు కలుపుకుని లెక్కేయండి.

గ్రావెల్ అడిగితే ఎర్రమట్టి వచ్చింది

ఇది లెక్క తప్పు కాదు, మాట తప్పు. ఇంటర్నెట్‌లో చూసిన బొమ్మల కింద గ్రావెల్ అని ఉంటుంది కాబట్టి ఫోను చేసి అదే అడుగుతారు. మన దగ్గర గ్రావెల్ అంటే పునాదుల్లో, రోడ్ల కింద పోసే ఎర్రటి గరపమట్టి. టిప్పరు తెచ్చి పోసినవాళ్ల తప్పేమీ లేదు. రాయి కావాలంటే సైజుతో సహా చెప్పండి: 20 ఎంఎం చిప్స్, 12 ఎంఎం చిప్స్, 40 ఎంఎం మెటల్. గుండ్రంగా నున్నగా ఉండేవి కావాలంటే గులకరాళ్లనే అడగండి. ఒక్క పిడికెడు నమూనా చూశాకే లోడు పంపమనండి.

లోడు తక్కువ వచ్చినట్టుంది

అనుమానం మాత్రమే ఉంటే గొడవ తప్ప ఫలితం ఉండదు. కొలిస్తే తేలిపోతుంది. బండి తొట్టి లోపలి పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో కొలవండి. 10 అడుగుల పొడవు, 6 వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉంటే నిండుగా 90 సీఎఫ్‌టీ. మధ్యలో కుప్పగా, అంచుల్లో లోతుగా వచ్చిన బండిని చూసి నిండిందనుకోకండి. దించకముందే పారతో పైన సాపు చేయమని మర్యాదగా అడగండి. సాపు చేశాక అంచుకు 3 అంగుళాలు తగ్గి ఉంటే ఆ లోడు 75 మాత్రమే. దారి కుదుపులకు రాయి కొంత దిగడం నిజమే, అంతవరకు సర్దుకోవచ్చు.

ఒకసారి ఒక డ్రైవరు "యూనిట్ ఉందండీ, మీరు నమ్మండి" అన్నాడు. యూనిట్ అంటే 100 సీఎఫ్‌టీ. తొట్టి కొలిస్తే నిండా పోసినా 80 పట్టదు. బేరం కుదరకముందే యూనిట్ అంటే ఎన్ని అడుగులో అవతలివాళ్ల నోటితో చెప్పించుకోవడం అప్పటి నుంచి అలవాటైంది.

టన్నుల్లో కొంటే కాటా చీటీ అడగండి. అందులో లోడు బరువు, ఖాళీ బండి బరువు రెండూ ఉండాలి. వదులుగా ఉన్న 20 ఎంఎం రాయి ఘనపుటడుగుకు ఇంచుమించు 42 నుంచి 45 కిలోలు తూగుతుంది. ఆ లెక్కన 45 సీఎఫ్‌టీ అంటే దాదాపు 2 టన్నులు. మీ రాయి సంగతి మీరే చూసుకోవాలంటే 10 లీటర్ల బకెట్టు చాలు. అంచుదాకా రాయి నింపి, తూచి, బకెట్టు బరువు తీసేసి 2.83తో గుణించండి. ఘనపుటడుగు బరువు వచ్చేస్తుంది.

వానల్లో క్రషర్ డస్ట్ మాత్రం కొనకండి. తడిస్తే కాటా మీద నీళ్ల బరువు కూడా తూగుతుంది, కొలిచి కొందామంటే తడి పొడి ఉబ్బి ఉంటుంది. రెండు రకాలుగానూ నష్టమే.

మొదటి వానకే రాయి మట్టిలో కలిసిపోయింది

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసినవాళ్లకు వాన ఎర్రనేలను ఎలా కోస్తుందో చెప్పక్కర్లేదు. మన పెరట్లోనూ చిన్న ఎత్తున జరిగేది అదే. మెత్తబడ్డ నేల మీద నడిస్తే రాయి కిందికి దిగుతుంది, బురద పైకి వస్తుంది. ఇంకో లోడు పోస్తే అదీ దిగుతుంది. ఈ దిగుడును లెక్కలో కలుపుకోవడం కంటే ఆపడం చవక.

ఉన్న రాయిని పారతో పక్కకు లాగండి. నేలను తడిపి దిమ్మిసతో కొట్టి గట్టిపరచి, నీటిని దిగనిచ్చే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, రాయిని మళ్లీ పోయండి. ప్లాస్టిక్ పట్టా వద్దు, నీళ్లు నిలుస్తాయి. గుడ్డ కొనేటప్పుడు, ఒక ముక్క మీదకు ఇంకో ముక్క అడుగు మేర రావాలని గుర్తుంచుకోండి. ఈ పని అక్టోబరు తుపాన్లు రాకముందే ముగించుకుంటే మంచిది.

రాయి వాలు కిందికి జారుతోంది

కొండ పక్కన ఇళ్లున్న ఊరు కదా, ఈ ఫిర్యాదు తరచూ వింటాను. వాలు వల్ల స్థలం పెరిగి రాయి ఎక్కువ పడుతుందని కొందరనుకుంటారు. 12 అడుగులకు 3 అడుగులు లేచే వాలులో కూడా ఆ పెరుగుదల 3 శాతమే, పట్టించుకోనక్కర్లేదు. పైన పలచబడి కింద పోగవడమే అసలు సంగతి. గులకరాళ్లు గుండ్రంగా ఉండి దొర్లిపోతాయి. క్రషర్ రాయికి కోణాలుంటాయి కాబట్టి ఒకదాన్నొకటి పట్టుకుంటుంది. వాలులో అదే వాడండి. ప్రతి నాలుగైదు అడుగులకు అడ్డంగా రాతి వరస పాతి, పై అంచు అంగుళం లేచి ఉండేలా చూడండి. వాలు మరీ నిటారుగా ఉంటే రాయి మానేసి మెట్లు కట్టించుకోండి.

మిగిలిపోయింది

సాధారణంగా మొక్కల పాదులు, మ్యాన్‌హోల్ మూతలు ఉన్న చోటును లెక్కలోంచి తీసివేయకపోవడం, గుండ్రటి చోటును చతురస్రంగా లెక్కేయడం వల్ల ఇలా అవుతుంది. గుండ్రటి చోటుకు అడ్డకొలతను అడ్డకొలతతోనే గుణించి, మళ్లీ 0.785తో గుణించండి. కాస్త మిగిలితే పారేయకండి. మూడు నాలుగు బస్తాలకెత్తి గోడ పక్కన పెట్టుకుంటే, వానలు తగ్గాక పలచబడ్డ చోట్ల పోసుకోవచ్చు. మళ్లీ కొనబోతే అదే రంగు రాయి దొరకకపోవచ్చు.