డాలీ ‘ఆలిస్’ బొమ్మలు కొనేముందు చూసుకోవాల్సినవి

లూయిస్ క్యారల్ పిల్లల నవల ‘ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్’కి స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీ వేసిన బొమ్మలను 1969లో న్యూయార్క్‌లో మెసీనస్ ప్రెస్–ర్యాండమ్ హౌస్ అచ్చేసింది. కుట్టిన పుస్తకం కాదు, పెట్టెలో పెట్టిన విడి కాగితాలు. అందుకే సెట్లను విడగొట్టి ఒక్కో బొమ్మా వేరుగా అమ్మడం తేలికైంది. చిక్కులు ఎక్కువగా ఆ విడి బొమ్మలతోనే.

ముందు లెక్క సరిచూడండి. మొదట్లో ఒక రంగుల ఎచింగ్ (లోహపు పలక మీద ఆమ్లంతో గీతలు తొలిచి తీసిన అచ్చు), తర్వాత అధ్యాయానికొకటి చొప్పున 12 హీలియోగ్రావ్యూర్లు (చిత్రం ఫోటోని పలకలోకి దించి తీసిన అచ్చులు), మొత్తం 13. కాగితం సుమారు 43 × 28 సెంటీమీటర్లు. బాగా చిన్నగా ఉంటే అంచులు కోసేసి ఉండాలి, లేదా 2015లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ ప్రెస్ వేసిన చిన్న పుస్తకంలోంచి చించిన పేజీ అయి ఉండాలి.

తర్వాత సంతకం. 2,500 కాపీల మామూలు ముద్రణలో డాలీ సంతకం టైటిల్ పేజీ మీద ఉంటుంది, అధ్యాయాల బొమ్మల మీద కాదు. కాబట్టి కరిగే గడియారమున్న టీ విందు బొమ్మ పెన్సిల్ సంతకంతో విడిగా అమ్మకానికొస్తే, ఆ సంతకాన్ని ఎవరో తర్వాత చేర్చి ఉంటారనే అనుమానించాలి. సంతకం బాగుంది కదా అని ధర పెంచకండి. 1974లో ఫ్రాన్స్, స్పెయిన్‌ల మధ్యనున్న చిన్న దేశం అండోరా వైపు వెళ్తున్న వాహనంలో డాలీ సంతకాలున్న దాదాపు 40,000 ఖాళీ కాగితాలను ఫ్రెంచ్ కస్టమ్స్ వాళ్లు గుర్తించారు. అలాంటి కాగితం మీద తర్వాత ఏ బొమ్మైనా అచ్చేయొచ్చు కనుక, ఆయన ప్రింట్ల విషయంలో అసలు సంతకం కూడా బొమ్మ అసలుదని చెప్పదు.

ఇక అసలు పరీక్ష. 10 రెట్లు పెద్దది చేసే భూతద్దంతో ఆకాశం, నీడల్లాంటి పలుచని రంగులున్న చోట చూడండి. నీలం, ఎరుపు, పసుపు, నలుపు చుక్కలు వరసగా గుండ్రటి పువ్వుల్లా అమరి కనిపిస్తే అది ఆఫ్‌సెట్ నకలు, అంటే పత్రికల్లా యంత్రం మీద చుక్కలుగా అచ్చేసింది. హీలియోగ్రావ్యూర్‌లో డాలీ గ్వాష్ (చిక్కటి నీటిరంగు) చిత్రాన్ని ఫోటో తీసి లోహపు పలకలోకి దించుతారు. సిరా పలక గుంటల్లోంచి కాగితానికి ఎక్కుతుంది కనుక ఆ పువ్వుల అమరిక ఉండదు, నీడలు చిక్కగా వస్తాయి. వీటిని లితోగ్రాఫ్‌లంటూ (రాతి పలక మీద గీసి తీసే అచ్చులు) అమ్మేవాళ్లకు ఆ సెట్టే తెలియదు. ఎచింగ్‌కి మాత్రం టార్చిలైటు పక్కనుంచి వేసి, బొమ్మ చుట్టూ పలక నొక్కిన గీత వెతకండి.

ఫ్రేములోంచి బయటికి తీయకుండా కొనకండి. ఎండకి వెలిసిన రంగు, ఫ్రేములో బొమ్మ చుట్టూ ఉండే అట్ట కింద దాగిన అంచు పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది, వెలిసింది మళ్లీ రాదు. మీరు ఫ్రేము కట్టిస్తే ఆమ్లం లేని అట్ట, అతినీలలోహిత (యూవీ) కిరణాల్ని ఆపే అద్దం వాడండి. బొమ్మను అట్టకి పట్టి ఉంచడానికి జపనీస్ కాగితం పట్టీల్ని గోధుమ గంజితో పై అంచున రెండుచోట్ల అంటిస్తే చాలు. సెల్లోటేపు జిగురు కొన్నేళ్లకి కాగితంలోకి దిగి గోధుమరంగు మరకవుతుంది. ఇప్పటికే టేపు ఉంటే మీరు పీకొద్దు, పైపొర దాంతోపాటే లేచొస్తుంది. కాగితాల సంరక్షకుల చేత తీయించండి.