గాలి పెరిగితే ముందున్న తెరచాపను తగ్గించడం ఎలా?

వేసవి మధ్యాహ్నం కాకినాడ నుంచి ఉప్పాడ వైపు తెరచాప పడవలో పోతుంటే గాలి ఉన్నట్టే అనిపించదు. దక్షిణపు గాలి వెనక నుంచి తోస్తుంటుంది, గ్లాసులో టీ తొణకదు. అసలు సంగతి ఇంటిముఖం పట్టినప్పుడు తెలుస్తుంది. గాలి 16 నాట్లు, పడవ 6 నాట్లు అనుకోండి (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు). గాలివాలుకు పోతున్నంతసేపూ మనకు తగిలేది 10 నాట్లే. అదే వేగంతో గాలికి 45 డిగ్రీల్లో ఎదురెక్కితే 20 దాటుతుంది. గాలి రెండింతలైతే చాప మీద పడే బలం నాలుగింతలవుతుంది. కాబట్టి చాప తగ్గించాల్సింది పడవను తిప్పాక కాదు, తిప్పక ముందే.

ఒడ్డు మీదే మొదలుపెట్టండి. వాతావరణ శాఖ మత్స్యకారులకిచ్చే హెచ్చరికల్లో గాలి వేగం కిలోమీటర్లలో ఉంటుంది. దాన్ని 1.85తో భాగిస్తే నాట్లు వస్తాయి. గంటకు 45-55 కిలోమీటర్లు అంటే 24 నుంచి 30 నాట్లు. ఆ మాట విన్నరోజు ఏ చాప కట్టాలా అని తలపట్టుకోనక్కర్లేదు, మనమూ ఒడ్డునే ఉంటాం.

ఏ చాప కట్టాలి?

ముక్కు వైపుండే చాపల సైజును శాతాల్లో చెబుతారు. పడవ ముక్కు నుంచి చాపలు కట్టే కొయ్య దాకా ఉన్న దూరాన్ని నూరుగా తీసుకుంటే, జెనోవా అనే 150 శాతం పెద్ద చాప కొయ్యను దాటి బాగా వెనక్కి వస్తుంది. నూరు లోపుండే చిన్న చాప జిబ్, అది కొయ్య ముందే ఆగిపోతుంది. నా 26 అడుగుల పడవలో తగిలే గాలి 12 నాట్ల దాకా పెద్ద జెనోవా, 18 దాకా 120 శాతం చాప, ఆపైన జిబ్. మీ పడవ బరువును బట్టి ఈ అంకెలు మారతాయి. తుఫాను గాలికి కట్టే స్టార్మ్ జిబ్ మరీ చిన్నది. కొయ్యను ముక్కుకు కట్టే ముందు తీగ కింది నుంచి పైదాకా ఎత్తు 10 మీటర్లుంటే, సముద్రపు పందేల నిబంధనల ప్రకారం అది 5 చదరపు మీటర్లు మించకూడదు.

పొద్దున్నే గాలి ఉంటుందని తెలిస్తే జెనోవాను సగం చుట్టుకుని తిరిగేకంటే ముందే జిబ్ కట్టుకోవడం మేలు. జెనోవా గుడ్డ పలచన, గట్టి గాలికి సాగిపోతుంది. ఈ విషయంలో బద్ధకించి ఒక చాప పాడు చేసుకున్నాను.

ఎప్పుడు తగ్గించాలి?

పడవ 20-25 డిగ్రీలు మించి ఒరుగుతోందంటే అప్పటికే కాస్త ఆలస్యమైంది. అలల మీద తెల్లటి నురుగులు వరసగా కనిపించేసరికి చెయ్యి తాడు మీదకు పోవాలి. చుక్కాని చేతిని లాగేస్తూ ముక్కు గాలివైపు తిరుగుతుంటే మాత్రం ఆగి ఆలోచించండి. అక్కడ ఎక్కువైంది వెనకున్న పెద్ద చాప (మెయిన్) కావచ్చు. అప్పుడు ముందుదొక్కటే తగ్గిస్తే లాగుడు ఇంకా పెరుగుతుంది. పెద్ద జెనోవా ఉన్న పడవల్లో మామూలుగా ముందు దాన్నే తగ్గించి, తర్వాత పెద్ద చాపకు రీఫ్ వేస్తారు, అంటే కొంత మడిచి కడతారు. చిన్న జిబ్, పెద్ద మెయిన్ ఉన్న పడవల్లో వరస తిరగబడుతుంది.

చుట్టడం

లైఫ్ జాకెట్ వేసుకున్నాకే, చాపను ముందు తీగ చుట్టూ చుట్టే ఫర్లర్ దగ్గర చెయ్యి పెట్టండి. మొదట పడవను గాలివాలుకు తిప్పండి. జెనోవా పెద్ద చాప చాటుకు వచ్చి మెత్తబడుతుంది. చాప వెనక మూలను పట్టి ఉంచే షీట్ తాడును మెల్లగా వదులుతూ, రెండో చేత్తో చాపను చుట్టే ఫర్లింగ్ తాడు లాగండి. షీట్ ఒక్కసారిగా వదిలేస్తే చాప కొట్టుకుని చిరుగుతుంది. అస్సలు బిగువు లేకపోతే చుట్టు వదులవుతుంది. తాడు చేత్తో రాకపోతే తాళ్ళు బిగించే వించ్‌కు వేసి లాగొద్దు. పైన చాపను ఎత్తే హాలియార్డ్ తాడు చుట్టుకుందో, కింద ఫర్లింగ్ తాడు చుట్టుకునే డ్రమ్‌లో తాడు మెలిపడిందో చూడండి.

డ్రమ్ గురించి ఇంకో మాట. ఒడ్డున నెమ్మదిగా ఉన్నప్పుడు చాప వదులుగా చుట్టుకుంటుంది, డ్రమ్ మీద తాడు సరిపోయిందనుకుంటాం. గట్టి గాలిలో చాప బిగిసి చుట్టుకుంటుంది, ఎక్కువ చుట్లు కావాలి. హోప్ ఐలాండ్ దాటాక నాకు తాడు అయిపోయింది, చాప ఇంకా మూరెడు బయటే ఉంది. ఆ మూరెడు గుడ్డ టపటపలాడుతూ గంటసేపు ప్రాణం తోడేసింది. అప్పటినుంచి డ్రమ్ మీద నాలుగు చుట్లు అదనంగా ఉంచుతున్నాను.

చుట్టడం అయ్యాక చాలామంది మరిచిపోయేది షీట్ వెళ్ళే కప్పీ. చాప చిన్నదవుతుంటే దాని వెనక మూల ముందుకూ పైకీ జరుగుతుంది. కప్పీ ఉన్నచోటే ఉంటే చాప పైభాగం వదులై వణుకుతుంది. కప్పీని ముందుకు జరపండి. గాలి తీరు చూపడానికి చాప మీద కట్టిన దారాలు పైనా కిందా ఒక్కసారే ఎగిరితే సరిగ్గా కుదిరినట్టు. కప్పీ స్థానాన్నీ, చాప అడుగంచున చుట్టాల్సిన చోటునూ రంగు టేపుతో గుర్తు పెట్టుకుంటే రాత్రిపూట వెతుక్కోనక్కర్లేదు. మూడోవంతు మించి చుడితే మాత్రం చాప సంచిలా ఉబ్బుతుంది. ఎదురెక్కడానికి అది పనికిరాదు, జిబ్ కట్టాల్సిందే.

కొక్కేలతో తగిలించే చాపలైతే ముక్కు దగ్గర కూర్చుని, నడుముకు తాడు కట్టుకుని మార్చాలి. నిలబడి మార్చే సాహసం వద్దు.

గోదావరి సముద్రంలో కలిసే మొగల దగ్గర ఇంకొక సంగతి ఉంది. పాటుకు నీరు సముద్రంలోకి దిగుతుంటే, ఎదురుగా సముద్రపు గాలి తగిలితే, ఇసుక మేటల మీద అలలు పొట్టిగా నిటారుగా లేస్తాయి. అక్కడికి వచ్చాక చాపలు మార్చే పని పెట్టుకోకండి, రెండు చేతులూ చుక్కాని మీదే ఉండాలి. లోతు నీళ్ళలో ఉండగానే తగ్గించండి. కానీ మరీ తగ్గించొద్దు. ఆ అలల్లో లాగే బలం చాలక పడవ ఉన్నచోటే ఆగిపోయి పక్కకు తిరుగుతుంది. అందుకే గౌతమి మొగ దగ్గర నేను జిబ్‌నే నిండుగా ఉంచి, రీఫ్ పెద్ద చాపకే వేస్తాను.