ఇంగ్లండ్‌లో కౌన్సిల్ సంరక్షణలోకి వెళ్ళే పిల్లలు: కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాలకు సూచనలు

ఇంగ్లండ్‌కు కొత్తగా వచ్చే మనవాళ్ళు అద్దె ఇల్లు, బడి, డాక్టరు గురించి ముందే విచారించుకుంటారు గాని, పిల్లల సంక్షేమం విషయంలో స్థానిక కౌన్సిల్‌కు, అంటే మన మునిసిపాలిటీ లాంటి స్థానిక ప్రభుత్వానికి, ఉన్న అధికారాల గురించి అవసరం ముంచుకొచ్చేదాకా తెలుసుకోరు. పిల్లల్ని తీసుకుపోతారట అన్న పుకారు మాత్రం అందరి చెవినా పడుతుంది. ఆ భయంతో సోషల్ వర్కర్‌కు (పిల్లల బాగోగులు చూసే కౌన్సిల్ ఉద్యోగికి) ముఖం చాటేసే కుటుంబానికే ఎక్కువ నష్టం జరుగుతుంది కనుక చట్టం చెప్పేదేమిటో ఇక్కడ వివరిస్తున్నాను. ఇదంతా ఇంగ్లండ్‌కు వర్తించేది. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో చట్టాలు వేరు.

దీనికి ఆధారం 1989 నాటి పిల్లల చట్టం. బిడ్డ కౌన్సిల్ సంరక్షణలోకి వెళ్ళే దారులు ముఖ్యంగా రెండు. తల్లిదండ్రులు ఆసుపత్రి పాలై, దగ్గర చూసుకునేవారెవరూ లేనప్పుడు, వారి సమ్మతితో 20వ సెక్షన్ కింద కౌన్సిల్ బిడ్డకు వసతి కల్పించడం మొదటిది. ఇందులో తల్లిదండ్రుల హక్కులు పోవు, సమ్మతిని ఎప్పుడైనా వెనక్కు తీసుకోవచ్చు. అయితే ఆ సమ్మతి కాగితంలో ఉన్నది పూర్తిగా అర్థం కాకుండా సంతకం చేయకూడదు. తెలుగు దుబాసీ కావాలని, ముందు లాయరుతో మాట్లాడతామని అడగడానికి మొహమాటపడనక్కరలేదు. రెండవది కోర్టు ఉత్తర్వు. బిడ్డకు తీవ్రమైన హాని జరుగుతోందని గాని జరగవచ్చని గాని రుజువైతేనే కోర్టు ఆ ఉత్తర్వు ఇవ్వగలదు. సోషల్ వర్కర్ తనంతట తానుగా బిడ్డను తీసుకుపోలేరు. పోలీసులు మాత్రం అత్యవసరమైతే 72 గంటల వరకు బిడ్డను రక్షణలో ఉంచగలరు. కోర్టు ఉత్తర్వు కోసం వేసిన కేసు 26 వారాల్లో ముగియాలన్నది నియమం. ఆదాయం ఎంత ఉన్నా, అమ్మానాన్నలకు ప్రభుత్వ ఖర్చుతోనే లాయరు దొరుకుతారు. మంచి జీతం ఉన్నవారు తమకు ఇది వర్తించదనుకుని ఒంటరిగా కోర్టుకు వెళ్ళకూడదని ప్రత్యేకంగా చెబుతున్నాను.

బిడ్డను ఎక్కడ ఉంచాలన్న దానికి చట్టంలోనే ఒక వరస ఉంది. వీలైతే తల్లిదండ్రుల దగ్గరే ఉంచాలి. కుదరకపోతే బంధువులు, ఆప్తమిత్రుల వైపు చూడాలి. ఆ తరువాతే పరాయి ఫాస్టర్ కుటుంబం (కౌన్సిల్ తరఫున ఇతరుల బిడ్డను తమ ఇంట్లో ఉంచుకుని చూసుకునేవారు), పిల్లల హోమ్. మన కుటుంబాలు తరచుగా చేజార్చుకునే అవకాశం ఇక్కడే ఉంది. పరువు పోతుందని అన్నకూ అక్కకూ కూడా సంగతి చెప్పకుండా దాచిపెడితే, కౌన్సిల్‌కు ఆ బంధువులు ఉన్నట్టే తెలియదు. కనుక సోషల్ వర్కర్ మొదటిసారి అడిగిన రోజే మేనమామ, పిన్ని, బాబాయి, ఆప్తమిత్రుల పేర్లు, ఫోను నంబర్లు ఇవ్వాలి. అవసరమైతే బంధువును తాత్కాలిక ఫాస్టర్ సంరక్షకులుగా 16 వారాల వరకు అనుమతించే వీలుంది. ఇండియాలో ఉన్న అమ్మమ్మ, నానమ్మలను కూడా పరిశీలించమని కోరవచ్చు గాని, దానికి సమయం పడుతుంది కాబట్టి ఆలస్యం చేయకూడదు.

బయటి కుటుంబంలో ఉంచవలసి వచ్చినా, బిడ్డ మతాన్ని, జాతిని, భాషను, సంస్కృతిని కౌన్సిల్ దృష్టిలో ఉంచుకోవాలి. కోర్టు ఉత్తర్వు ఉన్నా బిడ్డను వేరే మతంలో పెంచే అధికారం కౌన్సిల్‌కు లేదు. గుడ్డు తింటుందా, ఇంట్లో ఏ భాషలో మాట్లాడుతుంది, ఏ పండుగలు చేసుకుంటారు అన్నవి రాసి ఇవ్వండి. రాత్రికి రాత్రి కొత్త ఇంటికి వెళ్ళిన నాలుగేళ్ళ పిల్ల పెరుగన్నం కావాలని తెలుగులో అడిగితే ఆ ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. మీరు రాసిచ్చిన ఆ ఒక్క కాగితమే ఆమెకు ఆసరా అవుతుంది. తోబుట్టువులను వీలైనంతవరకు కలిపి ఉంచాలి. బిడ్డ పరిస్థితిపై తొలి సమీక్ష 20 పనిదినాల్లో, తరువాతిది మూడు నెలల్లో, ఆపైన ఆరు నెలలకోసారైనా జరగాలి. బిడ్డ కేసు చూసే సోషల్ వర్కర్ కాకుండా వేరే స్వతంత్ర అధికారి దాన్ని నిర్వహిస్తారు.

కేసులేమీ లేని కుటుంబాలకు కూడా వర్తించే నియమం మరొకటి ఉంది. పదహారేళ్ళలోపు బిడ్డను దగ్గరి బంధువు కానివారి ఇంట్లో 28 రోజులు, అంతకు మించి ఉంచదలిస్తే, కనీసం ఆరు వారాల ముందు కౌన్సిల్‌కు తెలియజేయాలి. తాత, అమ్మమ్మ, తోబుట్టువులు, తల్లిదండ్రుల తోబుట్టువులు, వారి భార్యాభర్తలు, సవతి తల్లిదండ్రులు దగ్గరివారి కిందికి వస్తారు. నాన్నకు పెదనాన్న కొడుకును మనం బాబాయి అనే పిలిచినా, ఈ చట్టం దృష్టిలో ఆయన దగ్గరి బంధువు కాదు. చదువు కోసం బిడ్డను స్నేహితుల ఇంట్లో వదిలి ఇండియాకు వెళ్ళేవారు ఇది గుర్తుంచుకోవాలి. 2000లో లండన్‌లో, తల్లిదండ్రులకు దూరంగా, ఈ చట్టం ప్రకారం దగ్గరివారి కిందికి రాని బంధువు దగ్గర ఉన్న విక్టోరియా క్లింబీ అనే ఎనిమిదేళ్ళ పాప చిత్రహింసలకు గురై చనిపోయింది. ఆమె మృతిపై జరిగిన విచారణ తరువాత వచ్చిన 2004 చట్టం ఈ నియమాన్ని మరింత గట్టిపరిచింది.

వీసాపై ప్రభుత్వ నిధులు వాడుకోరాదన్న షరతు ఉన్నవారు సాయం అడగడానికే జంకుతారు. అవసరంలో ఉన్న పిల్లలకు 1989 చట్టంలోని 17వ సెక్షన్ కింద కౌన్సిల్ చేసే సాయం ఆ నిధుల జాబితాలోకి రాదు. పరిస్థితి చేయిదాటకముందే అడగడం మేలు.

ఇక్కడ స్థిరపడి, ఇంట్లో ఒక గది ఖాళీగా ఉన్నవారు ఫాస్టర్ సంరక్షకులు కావడం గురించి కూడా ఆలోచించాలని నా విన్నపం. పెళ్ళి కానివారు, అద్దె ఇంట్లో ఉండేవారు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. పరిశీలనకు కొన్ని నెలలు పడుతుంది, శిక్షణ ఇస్తారు, బిడ్డ ఖర్చులకు భత్యం ఇస్తారు. మీ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో నంబరు చూసి ఫాస్టరింగ్ విభాగానికి ఫోను చేసి, మీకు వచ్చిన భాషలేమిటో, మీ వీసా స్థితి ఏమిటో మొదటే చెప్పండి.