హైదరాబాద్‌లో మహావృక్షాలను కొలిచి నమోదు చేయడం ఎలా?

గోల్కొండ నయా ఖిల్లాలో ‘హాతియాన్ కా ఝాడ్’ అనే బావోబాబ్ చెట్టు ఉంది. దాని చుట్టుకొలత దాదాపు 27 మీటర్లని చెబుతారు. ఆ అంకె విన్నప్పుడల్లా నాకొకటే సందేహం: నేల నుంచి ఎంత ఎత్తున కొలిచారు? మొదలు దగ్గర టేపు మూరెడు కిందికి జరిగితే చాలు, కొలత మారిపోతుంది. అందుకే అంకెతో పాటు అది ఎలా వచ్చిందో కూడా రాయాలి.

ముప్పై మీటర్ల టేపు, మీటరు కర్ర, సుద్దముక్క, నోటు పుస్తకం, తోడుగా ఒక మనిషి ఉంటే చాలు. చెట్టు ప్రైవేటు స్థలంలోనో కోట లోపలో ఉంటే ముందుగా అనుమతి తీసుకోండి.

నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున, అంటే నాలుగున్నర అడుగుల దగ్గర, సుద్దతో గుర్తు పెట్టి అక్కడ మాను చుట్టూ టేపు తిప్పండి. టేపు జారకూడదు, మెలిపడకూడదు. వాలు నేల అయితే ఎగువ వైపు నుంచి ఎత్తు లెక్కపెట్టండి. గుర్తు దగ్గర బుడిపె ఉన్నా, మాను అంతకంటే కిందే చీలినా, దానికి దిగువన మాను సన్నగా ఉన్నచోట కొలిచి, ఆ ఎత్తు రాసుకోండి.

అసలు చిక్కంతా మర్రితోనే. చేవెళ్ల దారిలోని మర్రులను చూస్తే ఏది మానో, ఏది ఊడో తెలియదు. మానుకు అతుక్కుపోయిన ఊడలను కలిపే కొలవండి, కలిపామని రాయండి. విడిగా నేలకు దిగినవాటిని లెక్కపెడితే సరిపోతుంది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి లాంటి చెట్టుకైతే చుట్టుకొలతకు అర్థమే లేదు. అది పరచుకున్న నేలను కొలవాలి.

చెట్టు ఎత్తుకు కర్ర చాలు. చేయి చాచి దాన్ని నిలువుగా పట్టుకోండి. పిడికిలికి పైన ఉన్న కర్ర పొడవు, కంటి నుంచి పిడికిలికి ఉన్న దూరంతో సమానం కావాలి. పిడికిలి చెట్టు మొదలుకు, కర్ర కొస చిటారుకు సరిపోయేదాకా వెనక్కి నడవండి. చదును నేల మీద, అక్కడి నుంచి మానుకు ఉన్న దూరమే ఎత్తు. నిద్రగన్నేరులాంటి గొడుగు చెట్లు ఇక్కడ మోసం చేస్తాయి: మనవైపు చాచుకున్న కొమ్మే చిటారులా కనిపించి ఎత్తు ఎక్కువగా వస్తుంది. రెండు వైపుల నుంచి చూడండి.

కొమ్మల వెడల్పును అత్యంత విశాలంగా ఉన్నచోట ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి కొలిచి సగటు తీయండి.

వేర్వేరు చెట్లను పోల్చడానికి, 1940లో పెద్ద చెట్ల పట్టికను మొదలుపెట్టిన అమెరికన్ ఫారెస్ట్స్ సంస్థ పద్ధతి పనికొస్తుంది: అంగుళాల్లో చుట్టుకొలత, అడుగుల్లో ఎత్తు, అడుగుల్లో సగటు వెడల్పులో నాలుగో వంతు, మూడూ కూడాలి. 180 అంగుళాలు, 60 అడుగులు, 80 అడుగులైతే 260 మార్కులు.

నమోదులో చెట్టు జాతి, తేదీ, ఫోను చూపే అక్షాంశ రేఖాంశాలు, చుట్టుకొలత తీసిన ఎత్తు, పక్కన మనిషి నిలబడిన ఫోటో ఉండాలి. వయసు మాత్రం ఊహించి రాయకండి. బావోబాబ్ లోపల బోలు కావడం మామూలే, వయసు తెలిపే వలయాలు లెక్కపెట్టే వీలుండదు. చరిత్రకు వేరే గడి పెట్టండి. 1908 మూసీ వరదలో సుమారు 150 మందిని కాపాడిందని చెప్పే ఉస్మానియా ఆసుపత్రి చింతచెట్టుకు ఆ గడే ముఖ్యం.

కొన్నేళ్లకు మళ్లీ వెళ్లి అదే ఎత్తున కొలవండి. గుర్తు కోసం మేకు కొట్టకండి. కొత్త అంకెను పాతదాని కింద రాయండి, పాతదాన్ని కొట్టేయకండి.