పని వేళల తర్వాత ఆఫీసు సందేశాలకు హద్దు గీయడం ఎలా?

ఇంటికి వచ్చాక కూడా ఫోను చూస్తున్నారని ఇంట్లోవాళ్లు నిలదీసినప్పుడు ఉద్యోగి చెప్పే సమాధానం సాధారణంగా ఒకటే: "రెండు నిమిషాల పనే కదా." అందులో అబద్ధం లేదు. జవాబు రాయడానికి పట్టేది నిజంగానే రెండు నిమిషాలు. అయితే ఆ సందేశం ఎప్పుడు వస్తుందోనని ఒక చెవి అటే వేసి ఉంచిన సాయంత్రమంతా ఈ లెక్కలోకి రాదు. విలియం బెకర్, ఆయన సహ పరిశోధకులు 2018లో వెల్లడించిన అధ్యయనం ఈ విషయాన్నే పట్టి చూపింది. పని వేళల తర్వాత కూడా ఈమెయిళ్లు చూస్తూ ఉండాలని సంస్థ ఆశిస్తోందన్న భావన ఉద్యోగిలో ఆందోళన పెంచుతుందని, దాని ప్రభావం జీవిత భాగస్వామి ఆరోగ్యం మీద, ఇద్దరి మధ్య సంతృప్తి మీద కూడా పడుతుందని వారు తేల్చారు. అందువల్ల ఫోను సెట్టింగుల కంటే ముందు ఎవరు ఎవరి నుంచి ఏమి ఆశిస్తున్నారో తేల్చుకోవడం అవసరం.

మొదటి వారం ఏమీ మార్చకుండా గమనించండి. పని వేళలు దాటాక వచ్చిన ప్రతి సందేశం ఎవరు పంపారో, దేని గురించో, తెల్లారేదాకా ఆగితే ఏమి నష్టం జరిగేదో ఒక కాగితం మీద రాసుకోండి. ఏ సందేశమూ రాకుండానే మీరే ఫోను తెరిచి చూసిన సందర్భాలను కూడా తప్పక రాయండి. చాలామంది వదిలేసే లెక్క అదే, అసలు సంగతి తెలిసేదీ అక్కడే. లారా జర్జ్, వెనెస్సా బాన్స్ 2021లో ప్రచురించిన ప్రయోగాల ప్రకారం, అత్యవసరం కాని ఈమెయిల్ పంపినవారు నిజంగా ఆశించిన దానికంటే త్వరగా జవాబు ఇవ్వాలేమోనని దాన్ని అందుకున్నవారు ఊహించుకుంటారు. మీ కాగితంలోనూ అలాంటి ఊహలు ఎన్ని ఉన్నాయో వారం చివర చూసుకోండి.

ఆ కాగితం చేతిలో ఉంటే పై అధికారితో మాట్లాడటం తేలిక. ఫిర్యాదులా మొదలుపెట్టకుండా ఒక ఏర్పాటును ప్రతిపాదించండి: "రాత్రి ఏడున్నర నుంచి ఉదయం ఎనిమిది వరకు ఈమెయిళ్లు, గ్రూపు సందేశాలు చూడను. అప్పటికప్పుడు తేలవలసిన పని పడితే ఫోన్ చేయండి, ఎత్తుతాను." ఇందులో రెండో వాక్యమే కీలకం. అవతలివారికి ఒక దారి తెరిచి ఉంటుంది కనుక వారు నిశ్చింతగా ఉంటారు. అర్ధరాత్రి సందేశం పంపడానికి వెనకాడని మనిషి కూడా ఫోన్ చేయడానికి ముందు నిజంగా అవసరమా అని ఒకసారి ఆలోచిస్తాడు. ఒక్కరే అడిగితే బద్ధకంగా కనిపించే మాట టీమంతా కలిసి అడిగితే పద్ధతిగా కనిపిస్తుంది. పరిశోధకురాలు లెస్లీ పెర్లో, సంస్థలకు వ్యాపార సలహాలిచ్చే బోస్టన్ కన్సల్టింగ్ గ్రూపులో చేసిన ప్రయోగంలో కన్సల్టెంట్లు వారానికి ఒక సాయంత్రం పూర్తిగా పనికి దూరంగా ఉండేలా బృందమంతా కలిసి ఏర్పాటు చేసుకున్నారు, ఖాతాదారుల పని దెబ్బతినలేదు.

కొన్ని దేశాల్లో ఈ విషయంలో చట్టం అండ కూడా ఉంది. ఫ్రాన్స్‌లో 2017 జనవరి నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు 26 నుంచి పని వేళల తర్వాత ఆఫీసు సందేశాలకు దూరంగా ఉండే హక్కు అమల్లోకి వచ్చింది. ఆస్ట్రేలియా చట్టం ప్రకారం, నిరాకరణ అసమంజసం కానంతవరకు, పని వేళల బయట సంస్థ పంపిన సందేశాన్ని చదవడానికి గానీ జవాబివ్వడానికి గానీ ఉద్యోగి నిరాకరించవచ్చు. మీ సంస్థ నిబంధనల్లో అలాంటి మాట ఏదైనా ఉందేమో మాట్లాడటానికి ముందే చూసుకోవడం మంచిది.

ఫోను సర్దడానికి ఎక్కువ సేపు పట్టదు. ఆండ్రాయిడ్‌లో ఆఫీసు యాప్‌లు విడి వర్క్ ప్రొఫైల్‌లో (సొంత యాప్‌లతో కలవకుండా వాటిని వేరుగా ఉంచే భాగంలో) ఉంటే వాటన్నిటినీ ఒకేసారి ఆపవచ్చు. ఐఫోన్‌లో ఫోకస్ మోడ్‌తో వాటి నోటిఫికేషన్లు రాకుండా చేయవచ్చు. కాల్స్ మాత్రం మోగేలా ఉంచండి.

పని ముగించే ముందు చివరి పది నిమిషాలు రేపటికి కేటాయించండి. ఒక పని సగంలో ఉండగా మరో పనికి మారితే మనసులో కొంత భాగం మొదటి దాని దగ్గరే చిక్కుకుపోతుందని పరిశోధకురాలు సోఫీ లెరాయ్ 2009లోనే చూపారు. పని ఎక్కడ ఆగిందో, రేపు ఎక్కడ మొదలుపెట్టాలో రెండు వాక్యాలు రాసిపెడితే అన్నం తింటున్నప్పుడు అది గుర్తుకు రావడం తగ్గుతుంది.

ఇక ఇంట్లో పాటించవలసినది. మీరు పెట్టుకున్న హద్దును ఇంట్లోవాళ్లకూ స్పష్టంగా చెప్పండి, ఎందుకంటే ఫోను వైపు వంచిన తల ఆఫీసు పనిలో ఉందో, ఆటల స్కోరు చూస్తోందో పిల్లలకు తెలియదు, తమ మాట వినడం లేదని మాత్రమే తెలుస్తుంది. తప్పనిసరిగా చూడవలసి వస్తే "ఆఫీసు నుంచి కాల్, పావుగంటలో వస్తాను" అని చెప్పి మరో గదిలోకి వెళ్లండి, చెప్పిన సమయానికి తిరిగి రండి. ఎదురుగా కూర్చుని సగం వినడం కంటే లేచి వెళ్లడమే మర్యాద. దంపతులిద్దరూ ఉద్యోగులైతే ఏ రోజు ఎవరి కాల్‌కు వెసులుబాటు ఇవ్వాలో ముందే అనుకోండి. లేకపోతే తక్కువ జీతం తెచ్చేవారి పనే ఎప్పుడూ ఆగుతుంది. కొంచెం చేదుగా ఉన్నా మరొకటి అడగాలి: పిల్లల్ని పడుకోబెట్టే వేళకో, అంట్లు తోమే వేళకో సరిగ్గా ఆఫీసు పని గుర్తొస్తోందా? అలాగైతే తప్పు ఆఫీసుది కాదు.

అందరికీ ఒకే హద్దు కుదరదు. సాయంత్రం పిల్లల కోసం త్వరగా వచ్చి, వారు పడుకున్నాక లాప్‌టాప్ తెరిచేవారు తప్పు చేస్తున్నట్టు కాదు. ఆ గంట ముందే నిర్ణయమై, ఇంట్లో అందరికీ తెలిసి ఉంటే చాలు. అయితే ఆ వేళకు రాసిన ఈమెయిళ్లను అప్పుడే పంపకుండా, ఉదయం వెళ్లేలా జీమెయిల్‌లో గానీ అవుట్‌లుక్‌లో గానీ షెడ్యూల్ చేయండి. మీరు మేనేజర్ అయితే ఇది మరీ ముఖ్యం. అప్పుడే పంపక తప్పకపోతే "దీనికి రేపు జవాబిస్తే చాలు" అని మొదటి వాక్యంలోనే రాయండి.

నెల గడిచాక, పని వేళల తర్వాత ఆఫీసు నుంచి వచ్చిన ఫోన్ కాల్స్ లెక్క చూడండి. అత్యవసరమంటూ వారంలో చాలాసార్లు వస్తున్నాయంటే, ఆ పనికి మనుషులు చాలడం లేదని అర్థం. ఆన్‌కాల్ వంతులు (అత్యవసర కాల్స్‌కు ఏ రోజు ఎవరు అందుబాటులో ఉండాలో) వేయమని, వంతు చేసినవారికి బదులు సెలవు ఇవ్వమని అదే లెక్క చూపించి అడగండి.