ఆరాధనకు ముందు లాడ్జీ బుకింగ్ సైట్ల బాగోగులు చూసుకునేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు

మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆరాధన దగ్గరపడుతోందంటే కర్నూలు, ఆదోని, ఎమ్మిగనూరుల్లో లాడ్జీలకు, ట్రావెల్స్‌కు సైట్లు చేసిపెట్టే కుర్రాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. ఏడాది పొడవునా నెమ్మదిగా నడిచే సైటు మీదికి ఆ మూడు రోజుల గదుల కోసం కర్ణాటక నుంచీ ఇక్కడి నుంచీ జనం ఒక్కసారిగా వచ్చిపడతారు. మామూలు రోజుల్లో కనపడని కోడ్ తప్పులు సరిగ్గా అప్పుడే బయటపడతాయి. కనీసం నెల ముందే కూర్చుని చూసుకోండి. సర్వర్ పెద్దది చేయాలా వద్దా అన్నది తర్వాతి సంగతి. ముందు ఒకే గదిని ఇద్దరికి అమ్మకుండా చూసుకోవాలి.

ఒకే గది, రెండు కుటుంబాలు

చాలా సైట్లలో కోడ్ ఇలా ఉంటుంది: గది ఖాళీగా ఉందా అని డేటాబేస్‌ను అడుగుతుంది, ఉందంటే బుకింగ్ రాస్తుంది. చదవడానికి బాగానే ఉంటుంది. కానీ చివరి గది కోసం బెంగళూరులో ఒకరు, హైదరాబాద్‌లో ఒకరు ఒకే క్షణాన నొక్కితే ఇద్దరికీ ఖాళీ అనే జవాబే వస్తుంది, ఇద్దరి పేర్లూ ఎక్కుతాయి. తెల్లవారుజామున మంత్రాలయం రోడ్ స్టేషన్‌లో దిగి, నిద్రపోతున్న పిల్లల్ని ఎత్తుకుని వచ్చినవాళ్లకు గది లేదని చెప్పాల్సింది కౌంటర్‌లో కూర్చున్న మనిషి. తిట్లు తినేదీ అతనే.

బటన్ ఒకసారి నొక్కగానే డిసేబుల్ చేస్తే చాలనుకునేవాళ్లున్నారు. అది ఒకే మనిషి రెండుసార్లు నొక్కకుండా ఆపుతుందే తప్ప ఇద్దరు మనుషుల్ని ఆపలేదు. పీహెచ్‌పీ కోడ్‌లో ఇంకో ఇఫ్ (షరతు) పెట్టినా అంతే. కాపలా డేటాబేస్‌లోనే ఉండాలి. రాత్రి లెక్కన గదులిచ్చే చోట ఇది తేలిక. ఒక్కో గదికి ఒక్కో రాత్రికి ఒక వరుస పెట్టి, గది నంబరు, తేదీ రెంటినీ కలిపి యునీక్ కీ (అదే జత రెండోసారి రాకుండా ఆపే నియమం) చేయండి. రెండో ఇన్సర్ట్ (వరుస రాయడం) దానంతటదే ఆగిపోతుంది. ఆ ఎర్రర్‌ను పట్టుకుని, ఈ గది ఇప్పుడే అయిపోయిందని మర్యాదగా చూపిస్తే సరి. మూడు రాత్రులు అడిగితే మూడు వరుసలూ ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే పడితే అన్నీ లేదంటే ఏదీ పడకుండా, పోవాలి. లేకపోతే రెండు రాత్రులు దొరికి మూడోది దొరకని సగం బుకింగ్ మిగిలిపోతుంది.

అయితే పుణ్యక్షేత్రాల లాడ్జీల్లో చాలాచోట్ల 24 గంటల పద్ధతి ఉంటుంది. రాత్రి రెండింటికి దిగినవాళ్లు మర్నాడు రాత్రి రెండు దాకా ఉంటారు. అక్కడ తేదీ మీద కీ పెడితే లాభం లేదు, ఒకరి సమయం మీద ఇంకొకరి సమయం పడుతోందా అని చూడాలి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడేవాళ్లకు, ఒకదాని మీద ఒకటి పడే సమయాలను రానివ్వని ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ ఉంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో అది లేదు కాబట్టి ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, ఆ గది వరుసకు సెలెక్ట్ ఫర్ అప్‌డేట్ అనే ఆదేశంతో తాళం వేసి, ఆ తర్వాతే ఖాళీ చూసి, రాసి, కమిట్ (ఖాయం) చేయాలి. ఖాళీ ముందు చూసి తాళం తర్వాత వేస్తే వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే. గది ఊడ్చి దుప్పట్లు మార్చడానికి పట్టే సమయాన్ని కూడా ఆ లెక్కలో కలపండి. దీన్ని చాలామంది మర్చిపోతారు.

చేశాక పరీక్ష పెట్టండి. చిన్న స్క్రిప్టుతో ఒకే గదికి ఒకేసారి 50 రిక్వెస్టులు పంపితే ఒక్కటే నెగ్గాలి. రెండు నెగ్గినా పని పూర్తికానట్టే.

డబ్బు కట్ అయింది, గది రాలేదు

యూపీఐలో డబ్బు పోగానే చాలామంది మీ పేజీకి తిరిగి రాకుండానే బ్రౌజర్ మూసేస్తారు. అందుకని థాంక్యూ పేజీ తెరుచుకుంటేనే బుకింగ్ ఖాయమయ్యేలా రాయకూడదు. పేమెంట్ గేట్‌వే (డబ్బు వసూలు చేసిపెట్టే సంస్థ) నుంచి నేరుగా సర్వర్‌కు వచ్చే వెబ్‌హుక్‌ను, అంటే డబ్బు అందిందన్న కబురును, ఆధారం చేసుకోండి, అదీ గేట్‌వే పంపిందేనని దాని సిగ్నేచర్ సరిచూశాకే. అదే వెబ్‌హుక్ రెండు మూడు సార్లు రావడం మామూలే. పేమెంట్ ఐడీకి యునీక్ కీ ఉంటే రెండోసారి వచ్చినప్పుడు ఏమీ చేయకుండా సరేనని జవాబివ్వవచ్చు.

ఇంకో చిక్కు ఉంది. పది నిమిషాలు గదిని పట్టి ఉంచారు, ఆ గడువు దాటాక పన్నెండో నిమిషంలో డబ్బు వచ్చింది, ఈలోగా గది ఇంకొకరికి పోయింది. రీఫండా, వేరే గదా? ఇది ప్రోగ్రామర్ తేల్చాల్సిన విషయం కాదు. లాడ్జీ ఓనర్‌తో ముందే మాట్లాడి, రాయించుకుని, ఆ తర్వాత కోడ్ రాయండి.

రేటును ఎప్పుడూ బ్రౌజర్ నుంచి తీసుకోవద్దు. అక్కడి నుంచి గది, సమయం మాత్రమే రావాలి, లెక్క సర్వర్‌లో కట్టాలి. పేజీలో కనపడకుండా దాచిన హిడెన్ ఫీల్డులో ఉన్న 1,500ను 15 చేయడానికి పెద్ద హ్యాకర్ అక్కర్లేదు. మొత్తాలను పైసల్లో పూర్ణసంఖ్యగా దాచండి. రేజర్‌పే లాంటి గేట్‌వేలు కూడా పైసల్లోనే అడుగుతాయి, 1,500 రూపాయలంటే 1,50,000. దశాంశాల లెక్కలో 0.1కి 0.2 కలిపితే జావాస్క్రిప్టు సరిగ్గా 0.3 చూపదని తెలిసిందే కదా.

మారేవి ఒకచోట

మారడానికి వీలున్న నిర్ణయాన్ని ఒక్కో మాడ్యూల్ (కోడ్‌లో విడి భాగం) వెనక దాచాలని కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నాస్ 1972లోనే రాశాడు. లాడ్జీ సైటులో దీనికి జీఎస్టీ కంటే మంచి ఉదాహరణ దొరకదు. 2022 జూలై 18 నుంచి వెయ్యి రూపాయల లోపు గదులకు కూడా 12 శాతం వచ్చింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 దాకా ఉన్న గదులకు అది 5 శాతం అయింది. నాలుగు ఫైళ్లలో 0.12 అని రాసుకున్నవాళ్లు మూడుచోట్ల మార్చి ఒకచోట మర్చిపోతే బిల్లులో ఒక పన్ను, రీఫండ్‌లో ఇంకో పన్ను వస్తాయి. ఒకేచోట పెట్టుకున్నా 12ను చెరిపి 5 రాస్తే చాలదు. పాత బిల్లు మళ్లీ ప్రింట్ తీస్తే పాత రేటే రావాలి. అందుకే రేటు పక్కన అది ఏ తేదీ నుంచి అమలో కూడా ఉండే చిన్న టేబుల్ కావాలి.

పండగ తేదీలదీ అదే కథ. పూర్వారాధన, మధ్యారాధన, ఉత్తరారాధన శ్రావణ బహుళ పాడ్యమి, విదియ, తదియలకు వస్తాయి. 2025లో ఆగస్టు 10, 11, 12 అయ్యాయి, 2024లో 20, 21, 22. అధిక శ్రావణం వచ్చిన 2023లో ఆగస్టు 31, సెప్టెంబర్ 1, 2కు జరిగాయి. తేదీలను కోడ్‌లో రాసినవాళ్లను ఏటా పంచాంగం చూసి ఓనరే నిద్రలేపాలి. ఆయన చేతికే ఒక అడ్మిన్ పేజీ ఇస్తే ఇద్దరికీ సుఖం.

టైమ్ జోన్ కూడా చూడండి. సర్వర్ గడియారం యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ సమయంలో) ఉంటే మనకు అర్ధరాత్రి నుంచి ఉదయం 5:30 దాకా దానికి ఇంకా నిన్నటి తేదీయే. భక్తులు ఎక్కువగా దిగేది ఆ వేళలోనే. సమయాన్ని యూటీసీలో దాచినా, 'ఈరోజు' అనేది మన సమయమైన ఏషియా/కోల్‌కతా జోన్‌లోనే తేలాలి.

మిగతావి త్వరగా. ఎస్ఎంఎస్ టెంప్లేట్లు డీఎల్‌టీలో (టెలికాం కంపెనీల రిజిస్ట్రేషన్ వేదికలో) ముందే ఆమోదం పొందాలి, పండగనాడు మాటలు మార్చి పంపితే పోవు. తెలుగులోనో కన్నడలోనో పంపితే ఒక ఎస్ఎంఎస్‌కు 70 అక్షరాలే పడతాయి, ఖర్చు లెక్కేసుకోండి. మైఎస్‌క్యూఎల్ టేబుళ్లు అన్ని లిపులూ పట్టే యూటీఎఫ్8ఎంబీ4 అక్షర సంకేతంలో ఉండాలి. ఫోన్‌తో తీసిన గది ఫొటోలను కుదించకుండా పెట్టొద్దు, రద్దీలో నెట్‌వర్క్ ఎలా ఉంటుందో తెలుసుగా. డేటాబేస్‌కు పంపే ఎస్‌క్యూఎల్ ఆదేశంలో వాడుకరి రాసింది నేరుగా అతికించొద్దు.

ఆధార్ ఫొటోల విషయంలో మాత్రం కాస్త ఆగి చెప్పాలి. వాటిని అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో 1, 2, 3 అని పేర్లు పెట్టి అందరికీ తెరుచుకునేలా వదిలేయడం ఇతరుల జీవితాలతో ఆడుకోవడమే. కౌంటర్‌లో ఎలాగూ కార్డు చూస్తారు. సైటులో అడగకపోతే దాచే బాధే లేదు.

పండగకు పది రోజుల ముందు నుంచి కొత్త ఫీచర్లు బంద్. "ఈ ఒక్కటీ పెట్టియ్యి సామీ" అని ఓనర్ అడుగుతాడు. అది ఆరాధన అయ్యాక అని ఇప్పుడే ఒప్పించుకోండి. తప్పు దిద్దాల్సి వస్తే దిద్దండి, కానీ పాత వెర్షన్‌కు ఎలా తిరిగి వెళ్లాలో ఒకసారి చేసి చూశాకే. బ్యాకప్‌నూ అంతే, వేరే మెషీన్ మీద తిరిగి ఎక్కించి చూడండి.

ఆ మూడు రోజులూ సాయంత్రం ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి బుకింగ్‌ల జాబితా ప్రింట్ తీసి కౌంటర్‌లో పెట్టించండి. సైటు పడిపోతే కౌంటర్ అతను ఆ కాగితం మీదే రాసుకుంటూ గదులిస్తాడు. సైటు లేచాక ఆ చేతిరాత బుకింగ్‌లన్నీ ముందు ఎక్కించి, ఆ తర్వాతే ఆన్‌లైన్ బుకింగ్ తెరవండి.