గాలివానలకు ముందు: మీ లినక్స్ వీఎమ్‌లలో గెస్ట్ ఏజెంట్ నిజంగా ఉందా?

మొన్న గురువారం సాయంత్రం విజయవాడలో గాలివాన పడింది. ఐదున్నరకు కరెంటు పోయింది. నేను సర్వర్లు చూసిపెట్టే ఒక ఆటో విడిభాగాల దుకాణంలో యూపీఎస్ తన పని తాను సరిగ్గానే చేసింది. బ్యాటరీ అడుగంటే ముందు ఆరిపొమ్మని సర్వర్‌కు సిగ్నల్ కూడా ఇచ్చింది. అది ప్రాక్స్‌మాక్స్ సర్వర్, అంటే ఒకే మెషీన్ మీద చాలా వీఎమ్‌లను (వర్చువల్ మెషీన్లను, సాఫ్ట్‌వేర్‌తో చేసిన కంప్యూటర్లను) నడిపేది. దానిమీద మూడు లినక్స్ వీఎమ్‌లు ఉన్నాయి. వాటిని వరసగా ఆపాలి. మొదటిది మూడు నిమిషాలు పలకలేదు. రెండోదీ మూడు నిమిషాలు పలకలేదు. మూడోదాని వంతు వచ్చేలోపే బ్యాటరీ అయిపోయింది. ఆ మూడోదే లెక్కల డేటాబేస్.

కరెంటు వచ్చాక ఆ డేటాబేస్ ప్రోగ్రామ్, మైఎస్‌క్యూఎల్, లేచింది. బిల్లుల టేబుల్ తెరవబోతే మాత్రం, ఇది క్రాష్ అయింది, రిపేర్ చేయాలి అంది. అది పాత మైఐశామ్ రకం టేబుల్, రాత మధ్యలో ఆగితే తనంతట తాను కోలుకోలేనిది. రిపేర్ చేస్తే వరసలు రాలిపోయాయి. బ్యాకప్ ఉంది కదా అని బుధవారం రాత్రిది రీస్టోర్ చేశాం. అదే ఎర్రర్. మంగళవారం రాత్రిది, సోమవారం రాత్రిది కూడా అంతే. ఆదివారం రాత్రిది ఒక్కటి బాగా తెరుచుకుంది, ఆదివారం అక్కడ ఎవరూ బిల్లు కొట్టరు కాబట్టి. నాలుగు రోజుల బిల్లులను అక్కౌంట్స్ చూసే అమ్మాయి కార్బన్ కాపీలు ముందు పెట్టుకుని మళ్లీ కొట్టింది. నేను పక్కన కూర్చుని పార్టు నంబర్లు చదివాను. రెండు రాత్రులు పట్టింది.

మూడు వీఎమ్‌లకూ ప్రాక్స్‌మాక్స్ ప్యానెల్‌లో గెస్ట్ ఏజెంట్ దగ్గర టిక్ పెట్టి ఉంది. మూడింటిలో ఒక్కదాంట్లో కూడా ఏజెంట్ లేదు. ఆ టిక్ పెట్టింది నేనే.

ఈ సీజన్ ఇంకా చాలా ఉంది. బ్యాటరీ మార్చండి, బ్యాకప్ ఇంకోచోట కూడా ఉంచండి అనేవి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. టిక్ గురించే చెబుతాను.

టిక్ వేరు, ఏజెంట్ వేరు

గెస్ట్ ఏజెంట్ అంటే వీఎమ్ లోపల నడిచే ఒక చిన్న ప్రోగ్రామ్. క్యూఎము, కేవీఎమ్ (ప్రాక్స్‌మాక్స్‌లో వీఎమ్‌లను నడిపించేవి ఇవే) మీద నడిచే వాటికి దాని పేరు క్యూఎము గెస్ట్ ఏజెంట్. హోస్ట్, అంటే వీఎమ్‌లను మోసే సర్వర్, దానికి వర్ట్‌ఐఓ సీరియల్ అనే దారిలో కబురు పెడుతుంది. నెట్‌వర్క్ లేకపోయినా ఆ దారి పనిచేస్తుంది. ఆరిపొమ్మనడం, బ్యాకప్ ముందు ఫైల్‌సిస్టమ్‌ను కాసేపు కదలకుండా పట్టుకోమనడం, ఐపీ అడ్రస్ అడగడం, అన్నీ అందులోంచే.

ప్యానెల్‌లో టిక్ పెడితే ఫోన్ లైను వేసినట్టు, అంతవరకే. అవతల ఫోన్ ఎత్తే మనిషిని వీఎమ్ లోపల మీరే విడిగా కూర్చోబెట్టాలి, అంటే ప్యాకేజీ ఎక్కించాలి. ఎత్తేవాడు లేకపోతే హోస్ట్ ఫోన్ మోగిస్తూ కూర్చుంటుంది.

ఇక్కడ చాలామంది పొరబడతారు. "టిక్ పెట్టి ఉంచితే నష్టమేముంది, ఏజెంట్ తర్వాత ఎక్కిద్దాం" అనుకుంటారు. నష్టం ఉంది. టిక్ లేకపోతే ప్రాక్స్‌మాక్స్ ఏసీపీఐ (కంప్యూటర్ పవర్ సంగతులు చూసే పద్ధతి) ద్వారా పవర్ బటన్ నొక్కినట్టు సిగ్నల్ ఇస్తుంది, మామూలు లినక్స్ దానికి చక్కగా ఆగిపోతుంది. టిక్ ఉంటే ఏజెంట్‌నే అడుగుతుంది. ఏజెంట్ లేకపోతే గడువు అయ్యేదాకా ఎదురుచూస్తుంది. మామూలుగా ఆ గడువు 180 సెకన్లు. హోస్టే ఆరిపోతున్నప్పుడైతే గడువు తీరాక వీఎమ్‌ను ఉన్నఫళాన చంపేస్తుంది. అంటే ఉత్త టిక్ కంటే అసలు టిక్ లేకపోవడమే నయం.

ఏజెంట్ లేకుండా టిక్ ఎలా వస్తుంది? నేను చూసినవి మూడు దారులు.

ఒకటి, వీఎమ్‌వేర్ నుంచి మారినవి. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ చేతికి వీఎమ్‌వేర్ వెళ్లాక, 2024 ఫిబ్రవరిలో ఉచిత ఈఎస్‌ఎక్స్‌ఐ (వీఎమ్‌లను నడిపే వీఎమ్‌వేర్ సాఫ్ట్‌వేర్) ఆపేశాక చిన్న ఆఫీసులు చాలా ప్రాక్స్‌మాక్స్‌కు మారాయి. మా దుకాణం కూడా అలా మారిందే. అలా తెచ్చుకున్న వీఎమ్ లోపల ఓపెన్ వీఎమ్ టూల్స్ ఉంటుంది. అది వీఎమ్‌వేర్ భాష మాట్లాడే ఏజెంట్, ఇక్కడ దానికి పని లేదు. ప్యాకేజీల జాబితాలో "టూల్స్" అన్న మాట కనిపించగానే ఏజెంట్ ఉందనుకుని నేను టిక్ పెట్టేశాను. ఇంపోర్ట్ విజార్డ్ డిస్కును తెస్తుంది, ఏజెంట్‌ను ఎక్కించదు.

రెండు, టిక్ పెట్టి, ప్యాకేజీ కూడా ఎక్కించి, వీఎమ్ లోపలి నుంచి రీబూట్ కొట్టడం. లోపలి నుంచి రీబూట్ చేస్తే క్యూఎము ప్రాసెస్ అదే కొనసాగుతుంది, కొత్త సీరియల్ పోర్టు రాదు. పోర్టు రాకపోతే ఏజెంట్ సర్వీసు మొదలుకాదు. వీఎమ్‌ను పూర్తిగా ఆపి మళ్లీ స్టార్ట్ చేయాలి. ప్యానెల్‌లోని రీబూట్ బటన్ వాడినా సరే.

మూడు, అదే నంబరు వీఎమ్‌లో ఓఎస్‌ను మళ్లీ మొదటినుంచి ఇన్‌స్టాల్ చేయడం. సెట్టింగ్ హోస్ట్ దగ్గర ఉంటుంది కాబట్టి టిక్ అలాగే మిగులుతుంది, లోపలి ప్యాకేజీ పోవచ్చు.

డెబియన్, ఉబుంటులలో ఈ సర్వీసును ఎనేబుల్ చేయబోతే "ఇన్‌స్టలేషన్ కాన్ఫిగ్ లేదు" అని ఒక పొడుగాటి మెసేజ్ వస్తుంది. దానికి టెన్షన్ పడకండి. పోర్టు కనిపించగానే సర్వీసు దానంతటదే లేచేలా అక్కడ ఏర్పాటు ఉంది.

తేల్చుకునే పద్ధతి ఒక్కటే. హోస్ట్ షెల్‌లో క్యూఎమ్ ఏజెంట్, వీఎమ్ నంబరు, పింగ్ అని కొట్టండి. ఏమీ మాట్లాడకుండా ప్రాంప్ట్ తిరిగొస్తే ఏజెంట్ ఉన్నట్టు. "గెస్ట్ ఏజెంట్ ఈజ్ నాట్ రన్నింగ్" అంటే లేనట్టు. ప్యానెల్‌లో టిక్ చూసి నమ్మకండి. ప్యాకేజీల జాబితా చూసి కూడా నమ్మకండి. పింగ్ కొట్టండి.

పచ్చగా కనిపించే బ్యాకప్

గురువారం రాత్రి నన్ను నిజంగా కుంగదీసింది బ్యాకప్ లాగ్. ప్రతి రాత్రీ చివర "టాస్క్ ఓకే" అని ఉంది. మెయిల్ కూడా అలాగే వచ్చేది, నేను సబ్జెక్ట్ చూసి వదిలేసేవాణ్ణి. లాగ్ తెరిచి పైనుంచి చదివితే మధ్యలో ఒక లైను: ఎఫ్ఎస్ ఫ్రీజ్ (ఫైల్‌సిస్టమ్‌ను కదలకుండా పట్టుకోవడం) వదిలేస్తున్నాం, ఏజెంట్ సెట్ చేసి ఉంది గానీ నడవడం లేదా? అని. చివర ప్రశ్నార్థకం కూడా ఉంది. ఐదు నెలలుగా ప్రతి రాత్రీ ఆ యంత్రం ఆ ప్రశ్న అడుగుతూనే ఉంది.

ఫ్రీజ్ జరగకపోతే ఆ క్షణానికి మెమరీలో ఉండి డిస్కుకు చేరని రాతలు బ్యాకప్‌లోకి రావు. నడుస్తున్న మెషీన్ ప్లగ్ పీకితే డిస్కు ఎలా ఉంటుందో బ్యాకప్ అలా ఉంటుంది. ఇన్నోడీబీ రకం టేబుళ్లు, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ లాంటివి తమ లాగ్‌తో చాలావరకు కోలుకుంటాయి. మైఐశామ్ కోలుకోదు. సగం రాసిన మామూలు ఫైళ్లు కూడా కోలుకోవు.

మీ లాగ్‌లో రెండు లైన్లు ఉండాలి: ఫ్రీజ్ ఆదేశం ఇచ్చినట్టు ఒకటి, థా ఆదేశం ఇచ్చినట్టు ఒకటి. థా అంటే పట్టు వదలడం. ఆ రెండూ కనిపించకపోతే టిక్ ఉన్నా లేనట్టే.

ఫ్రీజ్ అయినంత మాత్రాన డేటాబేస్‌కు తెలియదు

ఏజెంట్ పట్టుకునేది ఫైల్‌సిస్టమ్‌ను. మైఎస్‌క్యూఎల్ తన మెమరీలో ఏం పెట్టుకుందో దానికి తెలియదు. అందుకోసం హుక్ స్క్రిప్టులు ఉన్నాయి. ఫ్రీజ్‌కు ముందు ఒకసారి, థా తర్వాత ఒకసారి ఏజెంట్ వాటిని పిలుస్తుంది. మైఎస్‌క్యూఎల్ టేబుళ్లను ఫ్లష్ చేసి రీడ్ లాక్ పెట్టే నమూనా స్క్రిప్టు క్యూఎము సోర్స్‌తోనే వస్తుంది. అది మీ డిస్ట్రోలో (డెబియన్, ఉబుంటు లాంటి లినక్స్ రకంలో) ఆన్ అయి ఉందో లేదో చూడండి. లాక్ పట్టిన సెషన్ థా వచ్చేదాకా తెరిచే ఉండాలి, సెషన్ మూసుకుంటే లాక్ పోతుంది. ఈ ఒక్క తప్పుతో హుక్ ఉండి కూడా లేనట్టయిన చోట్లు రెండు చూశాను.

ఇక మిగతావి వరసగా చెప్పేస్తాను.

యూపీఎస్ సిగ్నల్ ఇచ్చాక ఎన్ని నిమిషాలు మిగులుతాయో లెక్కపెట్టండి. వీఎమ్‌ల గడువులన్నీ కూడితే అంతకంటే తక్కువ రావాలి. ప్యానెల్‌లో వీఎమ్‌లు మొదలయ్యే, ఆగే వరసకు ఇచ్చే ఆర్డర్ నంబరు ఒకటే ఉన్నవి కలిసి ఆగుతాయి, వేరువేరు నంబర్లున్నవి ఒకదాని తర్వాత ఒకటి ఆగుతాయి. మాకు తగిలింది అదే.

మొదట మొదలయ్యేది చివర ఆగుతుంది. డేటాబేస్‌ను ఒకటో నంబరులో పెడితే దాని వంతు చివర వస్తుంది. మిగతావన్నీ చప్పున ఆగితేనే అది బతుకుతుంది.

వీఎమ్‌ను ప్యానెల్ నుంచి షట్‌డౌన్ చేసి గడియారం చూడండి. మావి ఇప్పుడు 20 సెకన్ల లోపే ఆగుతున్నాయి. నిమిషం దాటితే ఏదో తేడా ఉంది.

బ్యాకప్ సమయంలో వీఎమ్ బిగుసుకుపోతే రీసెట్ బటన్ మీద చెయ్యి వేయకండి. లాగిన్ కాదు, లోడ్ పెరుగుతూ పోతుంది, ప్రాసెస్‌లన్నీ డిస్కు కోసం ఎదురుచూస్తూ డీ స్టేట్‌లో ఉంటాయి, నెట్‌వర్క్ పింగ్‌కు మాత్రం మెషీన్ బదులిస్తుంది: ఇవి ఫ్రీజ్ అయి థా కాని గుర్తులు. హోస్ట్ నుంచి ఎఫ్ఎస్ ఫ్రీజ్ స్టేటస్ అడగండి. ఫ్రోజెన్ అంటే, థా ఆదేశం ఇవ్వండి. ఏజెంట్ ఫ్రీజ్‌లో ఉన్నప్పుడు కూడా ఈ రెండింటికీ బదులిస్తుంది.

ఫ్రీజ్‌లో ఉన్న వీఎమ్‌లో ఏజెంట్ ప్రాసెస్‌ను చంపకండి. వదిలిపెట్టమని చెప్పించుకోవాల్సింది దానితోనే.

వెబ్‌సైట్ల హోస్టింగ్ ప్యానెల్ నడిచే కొన్ని వీఎమ్‌లలో టెంప్ డైరెక్టరీ లూప్ మౌంట్‌గా ఉంటుంది, అంటే డిస్కులోని ఒక ఫైలునే ఇంకో డిస్కులా తగిలిస్తారు. కింది ఫైల్‌సిస్టమ్ ముందు ఫ్రీజ్ అయితే పైదానికి రాయడానికి చోటు ఉండదు, రెండూ ఇరుక్కుపోతాయి. అలాంటి వీఎమ్‌లో ఏజెంట్‌ను తీసేయకండి. కొత్త ప్రాక్స్‌మాక్స్ వెర్షన్లలో బ్యాకప్‌లో ఫ్రీజ్ ఒక్కటే ఆపే ఆప్షన్ ఉంది, అది వాడండి. షట్‌డౌన్‌కు ఏజెంట్ కావాలి.

హుక్ స్క్రిప్టులో నెట్‌వర్క్ డ్రైవ్ మీద రాసే పని పెట్టకండి. లాగ్ రాసే పని కూడా వద్దు.

ఏజెంట్ లోపల రూట్‌గా, అంటే అన్ని హక్కులూ ఉన్న యూజర్‌గా, నడుస్తుంది. హోస్ట్ నుంచి దాని ద్వారా ఏ కమాండ్ అయినా నడపొచ్చు, రూట్ పాస్‌వర్డ్ మార్చొచ్చు. మీ ప్యానెల్‌లో ఎవరెవరికి అనుమతి ఉందో ఇవాళే చూడండి. మానేసిన ఉద్యోగి లాగిన్ తీసేయండి.

ఏజెంట్‌ను అప్‌డేట్ చేయకుండా వదలకండి. 2021 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ వారి అజూర్ క్లౌడ్‌లోని లినక్స్ వీఎమ్‌లలో ఓఎమ్‌ఐ అనే ఏజెంట్ లోపం బయటపడింది. పాస్‌వర్డ్ వివరాలు ఉండే హెడర్‌ను తీసేసి అడిగితే రూట్ ఇచ్చేసేది. ఆ ఏజెంట్ తమ మెషీన్‌లో ఉందనే చాలామందికి తెలియదు. 2025 సెప్టెంబరులో వీఎమ్‌వేర్ టూల్స్‌లో ఇంకోటి బయటపడింది. మామూలు యూజర్ టెంప్‌లో ఒక ప్రోగ్రామ్‌ను సర్వర్ ప్రోగ్రామ్ పేరుతో పెట్టి నడిపితే, వెర్షన్ కనుక్కునే స్క్రిప్టు దాన్ని రూట్‌గా నడిపేది. ఓపెన్ వీఎమ్ టూల్స్‌కూ అది వర్తించింది.

వీఎమ్‌వేర్ నుంచి మారాక ఓపెన్ వీఎమ్ టూల్స్‌ను తీసేయండి. ఉంటే ఇంకెవరైనా నాలాగే మోసపోతారు.

ఏజెంట్ అప్‌డేట్‌ను బ్యాకప్ జరిగే గంటలో పెట్టకండి.

"టాస్క్ ఓకే" చూసి నిద్రపోకండి. నెలకొకసారి రద్దీగా ఉన్న రోజు బ్యాకప్‌ను వేరే నంబరు మీద, నెట్‌వర్క్ తీసేసి రీస్టోర్ చేసి, టేబుల్ తెరిచి చూడండి. ఆదివారం బ్యాకప్‌తో పరీక్షించకండి.

హోస్ట్ కెర్నెల్ అప్‌డేట్‌కు ముందు పింగ్. వీఎమ్ క్లోన్ చేశాక పింగ్. లోపల ఓఎస్ మార్చాక పింగ్. డిస్ట్రో అప్‌గ్రేడ్ అయ్యాక పింగ్. వాతావరణ శాఖ పిడుగుల హెచ్చరిక ఇచ్చిన మధ్యాహ్నం కూడా పింగ్.

పింగ్‌కు పలకని వీఎమ్ ఒక్కటి కనిపించినా, ముందు దాని టిక్ తీసేసి, వీఎమ్‌ను లోపలి నుంచి ఆపి మళ్లీ ఆన్ చేయండి. సాయంత్రం గాలి లేచినా పవర్ బటన్ సిగ్నల్‌కు ఆగుతుంది. ప్యాకేజీ ఎక్కించడం, టిక్ తిరిగి పెట్టి ఇంకోసారి ఆపి ఆన్ చేయడం, పింగ్ కొట్టి చూడటం రేపు పొద్దున్న తీరిగ్గా చేసుకోవచ్చు.